బట్టీ పడితే నిలవని సబ్జెక్టు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. దంతవైద్య డిగ్రీ బీడీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి ప్రస్తుతం మా ఊళ్లోనే ఒక దంత వైద్యశాలలో పనిచేస్తున్నాను. దంతవైద్యంలో పీజీ (ఎండీఎస్) ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ ఒకసారి రాశాను. మిగతా సబ్జెక్టులు ఫరవాలేదు కానీ ఓరల్ సర్జరీలో, అంటే నోటి, దవడల శస్త్రచికిత్సలో బాగా దెబ్బతిన్నాను. ఎన్ని ప్రశ్నలు బట్టీ పట్టినా, పరీక్షలో కాస్త మార్చి అడిగేసరికి తికమక పడుతున్నాను. కింది జ్ఞానదంతం తీసిన మూడో రోజు నొప్పితో వచ్చిన రోగికి గుంటను గీకి రక్తం రప్పించాలా వద్దా అన్న చిన్న విషయం మీద కూడా స్నేహితురాలికీ నాకూ వాదన తెగలేదు. ఉద్యోగం మానేసి హైదరాబాదులో కోచింగ్‌కు వెళ్లమని అందరూ అంటున్నారు. నాన్న అప్పు చేసైనా పంపిస్తానంటున్నారు. నాకు ఓరల్ సర్జరీలోనే ఎండీఎస్ చేయాలని ఉంది. ఆడపిల్లకు దవడలు కోసే చదువెందుకని బంధువుల మాట. నన్ను ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: అమ్మా, ముందుగా అప్పు సంగతి. ఇప్పుడే అప్పు చేయవద్దని నాన్నగారికి చెప్పండి. మీరు ఉద్యోగం మానకండి. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. ప్రశ్నను కాస్త మారిస్తే తికమక పడుతున్నానని రాశారు. అంటే మీకు జవాబులు వచ్చు, ఆ జవాబు అలా ఎందుకు అయిందో ఇంకా పట్టుబడలేదు. ఆ కారణం కోచింగ్ తరగతిలో కంటే మీరు రోజూ నిలబడే కుర్చీ పక్కనే బాగా దొరుకుతుంది. మిగతా సబ్జెక్టుల మాట ఎలా ఉన్నా ఓరల్ సర్జరీ విషయంలో ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. ఎదురుగా రోగిని పెట్టుకుని చదివిన వాళ్లు ఈ సబ్జెక్టులో సులువుగా గట్టెక్కుతారు. ప్రశ్నల పుస్తకం మాత్రమే పెట్టుకున్న వాళ్లు మీలాగే ఇబ్బంది పడతారు.

పరీక్ష స్వరూపం మీకు తెలిసిందే. మూడు గంటలు, 240 ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. మొదటి భాగంలోని 100 ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ వంటి మూల సబ్జెక్టులవి. రెండో భాగంలోని 140 క్లినికల్ సబ్జెక్టులవి. ఓరల్ సర్జరీ రెండో భాగంలోకి వస్తుంది, కానీ దాని వేళ్లన్నీ మొదటి భాగంలోనే ఉన్నాయి. ఒక నరం దారి సరిగ్గా తెలిస్తే అనాటమీ ప్రశ్నా వస్తుంది, మత్తు ఇంజెక్షన్ ప్రశ్నా వస్తుంది. అందుకే ఈ సబ్జెక్టును కారణాలతో సహా చదవడానికి పెట్టే సమయం వృథా కాదు.

మత్తు ఇంజెక్షన్‌తో మొదలుపెట్టండి. కింది దవడకు ఇచ్చే ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నర్వ్ బ్లాక్ (కింది పళ్ల నరాన్ని మొద్దుబార్చే మత్తు) మీకు చేతికి అలవాటైన పని. సూది బుగ్గలోని బక్సినేటర్ కండరాన్ని దాటి, దవడ ఎముక లోపలి వైపున్న ఖాళీ టెరిగోమాండిబ్యులర్ స్పేస్‌లోకి వెళ్తుంది. ఎముక తగలాలి, సిరంజిని వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి, ఆ తర్వాతే మందు నిదానంగా వదలాలి. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. ఎముక తగలకుండానే మందు వదిలితే ఏమవుతుంది? సూది మరీ వెనక్కి పోయి, చెవి ముందుండే లాలాజల గ్రంథి పరోటిడ్‌లో దిగుతుంది. ఆ గ్రంథిలోంచే ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నర్వ్ వెళ్తుంది. కొద్ది నిమిషాల్లో రోగికి ఆ వైపు కన్ను మూతపడదు, మూతి పక్కకు లాగేస్తుంది. వెంట వచ్చిన వాళ్లు పక్షవాతం అనుకుని హడలిపోతారు. మందు ప్రభావం తగ్గగానే కొన్ని గంటల్లో అది దానంతటదే సర్దుకుంటుంది, అప్పటిదాకా ఆ కన్ను ఆరిపోకుండా మూసి కాపాడాలి. ఏ గ్రంథి, ఏ నరం, సూది ఎటు తప్పింది, ఇప్పుడేం చేయాలి అంటూ ఈ ఒక్క సంఘటన నుంచే నాలుగు వేర్వేరు ప్రశ్నలు పుడతాయి. మీరు బట్టీ పట్టింది అందులో ఒక్కటే కావచ్చు. దారి తెలిస్తే నాలుగూ మీవే.

అదే రోగి ఒకటి రెండు రోజులకు నోరు తెరవలేకపోతున్నానని తిరిగి వస్తే దవడను మూసే మీడియల్ టెరిగాయిడ్ కండరానికి సూది తగిలి ఉంటుంది. పెదవి బాగా మొద్దుబారినా మొదటి మోలార్ పన్ను మాత్రం నొప్పి పెడుతుంటే, ఆ పంటికి మైలోహయాయిడ్ నరం నుంచి కూడా ఒక పాయ అందుతోందని అనుమానించాలి. పన్ను మొద్దుబారినా, బుగ్గ వైపు చిగురు ముట్టుకుంటే రోగి ఉలిక్కిపడుతుంటే లాంగ్ బక్కల్ నరానికి మందు విడిగా ఇవ్వలేదన్నమాట. నోరే తెరుచుకోని రోగికి వజీరాని, అకినోసి పేర్లతో పిలిచే మూసిన నోటి పద్ధతి ఉంది. నోరు బాగా తెరవగలిగితే 1973లో వచ్చిన గౌ-గేట్స్ పద్ధతిలో దవడ కీలు కొన అయిన కండైల్ మెడ దగ్గరే మందు వదలవచ్చు. ఇవన్నీ పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గర అన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి.

ఇప్పుడు మోతాదు లెక్క. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, మార్చి అడిగితే తడబడటం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. మీ టేబుల్ మీద ఉన్న మందు సీసా తీసుకుని లేబుల్ చదవండి. లిగ్నోకైన్ 2 శాతం, అడ్రినలిన్ 1:80,000 అని ఉంటుంది. లిగ్నోకైన్ మత్తు మందు, అడ్రినలిన్ రక్తనాళాలను కుదించి దాన్ని అక్కడే నిలిపేది. 2 శాతం అంటే ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల లిగ్నోకైన్. 1:80,000 అంటే 80,000 మిల్లీలీటర్లలో ఒక గ్రాము, కనుక ఒక మిల్లీలీటరులో 0.0125 మిల్లీగ్రాముల అడ్రినలిన్. లిగ్నోకైన్‌ను అడ్రినలిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు హద్దు కిలోకు 7 మిల్లీగ్రాములు, మొత్తం మీద 500 దాటకూడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అడ్రినలిన్ హద్దు 0.2 మిల్లీగ్రాములు, గుండె జబ్బు ఉన్నవారికి 0.04.

50 కిలోల మనిషి వచ్చాడనుకోండి. లిగ్నోకైన్ లెక్కన 350 మిల్లీగ్రాములు, అంటే 17.5 మిల్లీలీటర్లు ఇవ్వవచ్చు. అడ్రినలిన్ లెక్కన 0.2ను 0.0125తో భాగిస్తే 16 మిల్లీలీటర్లే. రెండింటిలో తక్కువది 16, కాబట్టి అక్కడే ఆగాలి. ఇప్పుడు 40 కిలోల మనిషిని తీసుకోండి. కొండ పల్లెల నుంచి వచ్చే చాలామంది ఆడవాళ్ల బరువు అంతే ఉంటుంది. లిగ్నోకైన్ హద్దు 280 మిల్లీగ్రాములు, అంటే 14 మిల్లీలీటర్లు. ఈసారి అడ్రినలిన్ కంటే ముందు లిగ్నోకైనే హద్దుకు చేరింది. అదే మనిషికి గుండె జబ్బు ఉంటే 3.2 మిల్లీలీటర్ల దగ్గరే ఆపేయాలి. చూశారా, మందు ఒకటే అయినా మనిషి మారేసరికి జవాబు మారిపోయింది. 17.5 అని బట్టీ పట్టిన వాళ్లు ఆ పరీక్షలో మార్కు పోగొట్టుకుంటారు, వైద్యశాలలో అంతకంటే పెద్దదే పోగొట్టుకుంటారు. వారం రోజులపాటు ప్రతి రోగి బరువూ అడిగి ఈ లెక్క వేసి చూడండి, ఆ తర్వాత మీకు కాగితం కూడా అక్కరలేదు.

చీము పట్టిన పంటికి మత్తు ఎందుకు సరిగ్గా ఎక్కదో కూడా ఇదే వరసలో చదువుకోండి. లిగ్నోకైన్ పీకేఏ, అంటే మందు సగం నరంలోకి దూరగల రూపంలో, సగం దూరలేని రూపంలో ఉండే పీహెచ్, 7.9. వాపు ఉన్నచోట కణజాలం ఆమ్లగుణంలోకి దిగుతుంది. అప్పుడు నరం పొరను దాటి లోపలికి పోగల రూపంలో ఉండే మందు తగ్గిపోతుంది. అందుకే చీము దగ్గర పొడవకుండా దూరంగా, నరం మొదట్లో బ్లాక్ ఇస్తాం. ఫార్మకాలజీ ప్రశ్న కూడా దీనితో తీరిపోయింది.

మీ స్నేహితురాలితో పడ్డ వాదనకు వస్తాను. గుంటను గీకకూడదు. పన్ను తీసిన మూడు నాలుగు రోజులకు, చెవిదాకా పాకే నొప్పితో, దుర్వాసనతో, గుంటలో రక్తపు గడ్డ లేకుండా బోసి ఎముక కనిపిస్తూ వస్తే అది డ్రై సాకెట్. ఆ పేరు 1896లో క్రాఫర్డ్ పెట్టింది. బిర్న్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, గుంటలో ఏర్పడిన రక్తపు గడ్డను ఫైబ్రినోలిసిస్ (గడ్డలోని ఫైబ్రిన్ పోగులు విడిపోయే ప్రక్రియ) కరిగించేస్తుంది. అంటే అక్కడ తీసేయాల్సిన చెడు పదార్థం అంటూ ఏమీ లేదు, ఎముకను కప్పాల్సిన గడ్డే లేకుండా పోయింది. గీకితే మిగిలిన కొద్దిపాటి రక్షణా పోయి ఎముక ఇంకా బయటపడుతుంది, మానడం ఇంకా ఆలస్యమవుతుంది. గోరువెచ్చని సెలైన్‌తో కడిగి, జింక్ ఆక్సైడ్ యూజెనాల్ డ్రెసింగ్ పెట్టి, నొప్పి తగ్గే మాత్రలు ఇవ్వాలి. జ్వరం, వాపు, చీము ఉంటే అది వేరే సంగతి, ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. కింది జ్ఞానదంతాల దగ్గర ఇది ఎక్కువ, పొగాకు వాడేవారిలో ఇంకా ఎక్కువ. మీ ప్రాంతంలో పళ్లకు గుడాకు అనే పొగాకు ముద్ద రుద్దుకునేవారు ఎందరో మీకు నేను చెప్పనక్కర్లేదు. పన్ను తీసిన మర్నాడు కూడా గుడాకు పెట్టుకున్నారా అని అడగండి, చాలామంది పెట్టుకున్నామనే చెబుతారు.

జ్ఞానదంతాల విషయంలో విద్యార్థులు కింది జ్ఞానదంతం తీయడం ఎంత కష్టమో అంచనా వేసే పెడర్సన్ పట్టికను అంకెలుగా నేర్చుకుంటారు. ముందుకు వాలిన (మీసియోయాంగ్యులర్) పన్నుకు 1, అడ్డంగా పడుకున్న (హారిజాంటల్) పన్నుకు 2, నిలువుగా ఉన్న (వర్టికల్) పన్నుకు 3, వెనక్కి వాలిన (డిస్టోయాంగ్యులర్) పన్నుకు 4. పన్ను లోతుకు ఏ, బీ, సీ అని 1 నుంచి 3, దవడ వెనక నిలువుగా లేచే ఎముక రేమస్ దగ్గరి చోటుకు మళ్లీ 1 నుంచి 3. మొత్తం 7 దాటితే చాలా కష్టమైన కేసు. డిస్టోయాంగ్యులర్, లోతు బీ, రెండో తరగతి అయితే 4, 2, 2 కలిపి 8. అంకెలు అవసరమే, కానీ అడ్డంగా పడుకున్న పన్నుకు 2 ఉండి, కాస్త వెనక్కి వాలిన పన్నుకు 4 ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? వెనక్కి వాలిన పన్ను బయటికి రావాల్సిన దారి రేమస్ ఎముకలోకే ఉంటుంది. మీరు పైకి లేపేకొద్దీ అది వెళ్లి ఆ ఎముకకే తగులుకుంటుంది. ముందుకు వాలిన పన్నుకు వెనక చోటు ఉంటుంది, పని సులువు. ఈ బొమ్మ మనసులో ఉంటే పై దవడ ప్రశ్న కూడా తప్పదు. అక్కడ లెక్క తిరగబడుతుంది. పై దవడలో ముందుకు వాలిన పన్నే కష్టం, తీయాల్సిన ఎముక చేయి అందని వెనక భాగంలో ఉంటుంది కాబట్టి.

పన్ను ఎంత లోతుగా ఉందో చూపే వింటర్ గీతలను చూసి వదిలేయకండి, చేత్తో గీయండి. ఎక్స్‌రే మీద పల్చటి కాగితం పరచి పెన్సిలుతో గీస్తే చాలు. దంతాల పైకొసలను కలుపుతూ తెల్ల గీత, ఎముక మట్టాన్ని చూపుతూ పసుపు గీత, అక్కడి నుంచి పన్నును లేపే పనిముట్టు ఎలివేటర్ ఆనించే చోటుకు నిలువుగా ఎర్ర గీత. ఎర్ర గీత 5 మిల్లీమీటర్లు దాటితే పని కష్టమని అర్థం. తర్వాత అదే ఎక్స్‌రేలో దవడ ఎముకలో నరం వెళ్లే కాలువను చూడండి. రూడ్, షెహాబ్ 1990లో చెప్పిన ఏడు గుర్తుల్లో మూడింటిని ప్రాణంగా చూసుకోండి: వేరు మీద నల్లటి నీడ, కాలువ పక్కకు మళ్లడం, కాలువ అంచున ఉండే తెల్ల గీత తెగిపోవడం. వీటిలో ఏది కనిపించినా పన్ను తీశాక పెదవి మొద్దుబారే అవకాశం ఉందని రోగికి ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. సంతకం ముఖ్యమే, అర్థమయ్యేలా చెప్పడం అంతకంటే ముఖ్యం.

ఇన్‌ఫెక్షన్ల పాఠంలో పట్టుకోవాల్సిన గీత ఒకటే, మైలోహయాయిడ్ గీత. నోటి అడుగును కట్టే మైలోహయాయిడ్ కండరం దవడకు అంటుకునే చోటు అది. కింది దవడ లోపలి వైపు వేలితో తడిమితే తెలుస్తుంది. రెండో, మూడో మోలార్ల వేళ్ల కొనలు ఆ కండరం అంటుకున్న చోటికి కింద ఉంటాయి, వాటి చీము దవడ కింది సబ్‌మాండిబ్యులర్ స్పేస్‌లోకి దిగుతుంది. ముందున్న పళ్ల చీము లోపలి వైపుకు వస్తే కండరానికి పైన, నాలుక కిందికి చేరుతుంది. రెండు వైపులా ఈ స్పేస్‌లన్నీ, గడ్డం కింది సబ్‌మెంటల్‌తో సహా నిండిపోతే 1836లో లుడ్‌విగ్ వర్ణించిన జబ్బు అది. నాలుక పైకి లేచి, గొంతు కింద పలకలా గట్టిపడి, రోగి పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటాడు. పరీక్షలో మొదట ఏం చేస్తారని అడిగితే యాంటీబయాటిక్ అని రాసే వాళ్లు చాలామంది ఉన్నారు. మొదట ఊపిరి దారి చూడాలి. ఆకు పసరు కట్టుకుని రోజులు గడిపి, ఆఖరున కొండ దిగి మీ దగ్గరికి వచ్చే రోగుల్లో ఇలాంటివారు ఉంటారు. కూర్చోబెట్టే ఉంచి, ఊపిరికి అడ్డు లేకుండా చూసి, వెంటనే బరంపురం వంటి పెద్ద ఆస్పత్రికి పంపాల్సిన కేసు అది. ముఖం వాపుతో వచ్చిన రోగి పక్కకు చూడలేకపోతున్నాడంటే కంటిని పక్కకు తిప్పే ఆరో నరం దెబ్బతింటోందన్నమాట. పుర్రె లోపల కళ్ల వెనక ఉండే రక్తపు గూడు కేవర్నస్ సైనస్‌కు చీము పాకిందేమోనని అప్పుడు భయపడాలి.

మీ ఊరు చిన్నదని, కేసులు తక్కువని మీరు అనుకుంటున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది. పరీక్ష కోసం పుస్తకంలో వెతికేవి కొన్ని మీ వాకిట్లోకే వస్తున్నాయి. అడ్డపొగ సంగతే చూడండి. చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలో ఎక్కువ. పిండ్‌బోర్గ్, మెహతాల బృందం ఆంధ్ర పల్లెల్లో పదివేల మందికి పైగా అంగిళ్లు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించింది. మామూలుగా పొగతాగే వారికి అంగిలి మీద వచ్చే నికోటిన్ స్టొమటైటిస్‌కు పెద్దగా ప్రమాదం లేదు. అడ్డపొగ తాగేవారి అంగిలి మాత్రం క్యాన్సర్‌కు దారితీయగలది. ఈ తేడా ప్రశ్నల పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉంటుంది. వంశధార అవతలి నుంచి వచ్చే ముసలమ్మ పన్ను నొప్పితో వచ్చినా, ఆమె అంగిలిని దీపం వేసి చూడండి. మాననిపుండు ఉంటే బయాప్సీకి పంపండి. ముక్క తీసేటప్పుడు కుళ్లిన నడిమి భాగం కాకుండా, పుండు అంచు, పక్కనున్న మంచి కణజాలం కలిసేలా తీయాలి. పరీక్షలో అడిగేదీ సరిగ్గా అదే.

గుట్కా నమిలే కుర్రవాళ్ల నోళ్లు ఎలా బిగుసుకుపోతున్నాయో మీరు చూస్తూనే ఉంటారు. 1952లో ష్వార్జ్ తూర్పు ఆఫ్రికాలోని భారతీయ మహిళల్లో దీన్ని మొదట వర్ణించారు. మన దేశంలో 1953లో జోషి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అన్నారు. వక్కలోని అరెకొలిన్ కొల్లాజెన్‌ను పెంచుతుంది, అందులోని రాగి ఆ పోగులను గట్టిగా అల్లుకుపోయేలా చేస్తుంది. ప్రతి కేసులోనూ పై, కింది ముందుపళ్ల అంచుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి. ఖన్నా, ఆండ్రాడే 1995లో చేసిన వర్గీకరణలో రోగి ఎక్కడ పడతాడో ఆ కొలతను బట్టే తెలుస్తుంది. 15 మిల్లీమీటర్ల లోపు అయితే చాలా ముదిరిన దశ.

ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బును కూడా మరవకండి. ఒడిశా గిరిజన జిల్లాల్లో అది ఉంది కనుకనే పన్ను తీసే ముందు అడగడం అలవాటు చేసుకోవాలి. దీని నిర్మూలన కోసం కేంద్రం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది, పసుపు రంగు తిరిగిన కళ్లతో తరచూ ఒళ్లు నొప్పులని చెప్పే పిల్లలను ఆ కార్యక్రమం కింద చేసే పరీక్షలకు పంపండి. ఒంట్లో నీరు తగ్గకూడదు, చలి తగలకూడదు, ఆక్సిజన్ తగ్గకూడదు, ఇన్‌ఫెక్షన్‌ను ముదరనివ్వకూడదు. పంటి కారణం ఏదీ లేకుండా కింది పెదవి మొద్దుబారిందంటే దవడ ఎముకకు రక్తం అందకపోవడం వల్ల కావచ్చు. ఎక్స్‌రేలో పళ్ల వేళ్ల మధ్య ఎముక నిచ్చెన మెట్లలా, పుర్రె మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకల్లా కనిపించడం పరీక్షలో వచ్చే బొమ్మలు.

దవడ ఎముకలు విరిగిన కేసులు మీ వైద్యశాలకు అంతగా రావు, నేరుగా పెద్దాస్పత్రికి పోతాయి. అక్కడ మాత్రం పుస్తకాన్నే నమ్ముకోవాలి. ఒకటి గుర్తుంచుకోండి. జీలుగు చెట్టు మీంచి జారిపడ్డవాడో, ఘాట్ రోడ్డులో బండి మీంచి పడ్డవాడో గడ్డం మీద గాయంతో వస్తే, గాయానికి కుట్లు వేసి పంపేయకండి. చెవుల ముందు వేళ్లు పెట్టి నోరు తెరవమనండి. గడ్డం మీద పడ్డ దెబ్బ రెండు కండైళ్లనూ విరగ్గొట్టగలదు. ఒకవైపే విరిగితే నోరు తెరిచినప్పుడు దవడ ఆ వైపుకే ఒరుగుతుంది. రెండూ విరిగితే ముందుపళ్లు కలవవు.

బట్టీ పట్టాల్సినవి లేకపోలేదు. ముఖం, దవడ ఎముకల విరుపులకు సంబంధించిన లె ఫోర్ట్ 1901, గిల్లీస్ పద్ధతి, చాంపీ గీతలు, పన్ను తీసే ఫోర్సెప్స్ నంబర్లు, వర్గీకరణల పేర్లు వంటివి కారణంతో రావు, కళ్లతో పదేపదే చూడాల్సిందే. వాటికి చిన్న నోటుబుక్కు పెట్టుకుని రాత్రి పడుకునే ముందు ఓసారి తిరగేయండి. పగటి సమయాన్ని వాటికి ఇవ్వకండి.

ఇంగ్లిష్ చదువు నెమ్మదిగా సాగుతోందన్న బెంగ మీకు ఉండే ఉంటుంది, బడి ఒడియాలో కదా. పుస్తకం ఇంగ్లిష్‌లోనే చదవండి, పరీక్ష అందులోనే కాబట్టి. అర్థమైనదాన్ని మాత్రం తెలుగులో రాసుకోండి, లేదా మీ సహాయకురాలికి ఒడియాలో చెప్పి చూడండి. చెప్పలేకపోయారంటే మళ్లీ చదవాలి. సవర గిరిజన రోగులతో మాట్లాడటానికి వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటే మరీ మంచిది. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, పొగాకు వాడతావా అని అడగగలిగితే చాలు. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వాళ్లకోసం పుస్తకాలు రాసిన ప్రాంతం మీది. రోగి నోటి నుంచి వచ్చే వివరం లేకపోతే ఏ జబ్బునూ సరిగ్గా గుర్తుపట్టలేం.

కోచింగ్ వద్దని నేను అనడం లేదు. అది ఇచ్చేది సమయపాలన, పదిమందితో పోటీ, మిగతా సబ్జెక్టులను త్వరగా ముగించే పద్ధతి. ఓరల్ సర్జరీలో మీ చేతికి ఉన్న అవకాశాన్ని అది ఇవ్వలేదు. ఉదయం వైద్యశాలకు వెళ్లే ముందు రెండు గంటలు, వచ్చాక రెండు గంటలు చదవండి. ఆ రోజు చూసిన ఒక కేసును ఆధారంగా పెట్టుకుని రాత్రికి దాని మీద ప్రశ్నలు చేయండి. నమూనా పరీక్షలు ఫోనులోనే దొరుకుతాయి, వాటికి పెట్టే ఖర్చు అప్పు చేసేంత ఉండదు. పరీక్షకు ఒకటి రెండు నెలల ముందు సెలవు అడిగి పూర్తిగా చదువుకు కూర్చోండి, ఆ మాట మీ వైద్యశాల డాక్టరుగారితో ఇప్పుడే చెప్పి ఒప్పించుకోండి. నమూనా పరీక్షలో తప్పు చేసిన ప్రతి ప్రశ్న పక్కనా తెలియక తప్పానా, తొందరలో తప్పానా, ఊహించి తప్పానా అని రాయండి. ఊహించి తప్పినవే ఎక్కువగా ఉంటే వాటిని వదిలేయడం నేర్చుకోవాలి. ఒక మార్కు కోత చిన్నదిగా కనిపిస్తుంది కానీ చివరికి ర్యాంకును అదే కిందికి లాగుతుంది.

ఇక బంధువుల మాట. ఓరల్ సర్జరీకి కండబలం కావాలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, ఈ సంగతి మన పాఠ్యపుస్తకంలోనే ఉంది. క్రయర్ ఎలివేటర్ పనిచేసేది చక్రం, ఇరుసు సూత్రం మీద. నూతి మీద తాడు చుట్టే ఇరుసును పిడి పట్టి తిప్పినట్టు కొద్ది బలాన్ని నాలుగున్నర రెట్లకు పైగా పెంచి ఇస్తుంది, పుస్తకాల్లో 4.6 అని వేస్తారు. లీవర్‌కు 3, వెడ్జ్‌కు 2.5. మొండి పన్నును బలంతో పీకితే దవడ విరుగుతుంది. డ్రిల్లు మొన బర్‌తో ముక్కలు చేసి తీస్తే చేతికి శ్రమ లేదు, ఎముకకూ హాని లేదు. మంచి సర్జన్‌ను గుర్తించేది ఎంత తక్కువ బలం వాడారన్నదాన్ని బట్టే. ఇది మీ ఇంట్లో అందరికీ వివరించి చెప్పండి. రాత్రి డ్యూటీలు, ప్రమాద కేసులు, మూడేళ్ల పాటు నిద్ర సరిగ్గా లేని రోజులు ఉంటాయి, అది నిజం. వాటికి మగవాళ్లూ అలసిపోతారు. మీకు ఇష్టముంటే ఆగవద్దు.

ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో తొందరపడకండి. అఖిల భారత కోటా, రాష్ట్ర కోటా రెండింటికీ సమాచార పుస్తకం పూర్తిగా చదివి, నివాస ధ్రువపత్రం ముందుగానే తెచ్చిపెట్టుకోండి. కాలేజీని ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి. పక్కనే పెద్ద ఆస్పత్రి ఉందా, ప్రమాద కేసులు ఓరల్ సర్జరీ విభాగానికి వస్తాయా, రెండో ఏడు విద్యార్థి చేతికి కత్తి ఇస్తారా, ఇంకా పక్కన నిలబడి చూడమంటారా అని అక్కడ చదువుతున్న వారిని అడగండి. ఫీజు వివరాలు కూడా అప్పుడే కనుక్కోండి. అప్పు అవసరమా, ఎంత అవసరమా అన్నది ఆ రోజు నాన్నగారితో కూర్చుని తేల్చుకోవచ్చు.